టచ్ స్టవ్వా, బటన్ల స్టవ్వా? గృహప్రవేశంలో పాలు పొంగించిన అనుభవంతో చెబుతున్నా

"ఇండక్షన్ స్టవ్ కొందామనుకుంటున్నాం. బటన్లు నొక్కేది ఒకటి చూశాం, టచ్‌ది ఒకటి చూశాం. టచ్‌ది ఐదారొందలు ఎక్కువ, కానీ చూడ్డానికి బాగుంది. ఏది తీసుకోమంటారు?" అని అడిగారు.

బటన్లదే తీసుకోండి. తిప్పే నాబ్ ఉన్నది దొరికితే ఇంకా మంచిది. ఎందుకో చెప్పాలంటే మా అక్క గృహప్రవేశం గురించి చెప్పాలి.

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్. ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 38 నిమిషాలకి. గ్యాస్ కనెక్షన్ ఇంకా మారలేదు కాబట్టి పాలు పొంగించడానికి బావగారు ముందు రోజు రాత్రి కొత్త ఇండక్షన్ స్టవ్ తెచ్చారు. నల్లగా అద్దంలా మెరిసిపోతోంది, ఒక్క బటన్ కూడా లేదు. అందరూ చుట్టూ చేరి ముచ్చటపడ్డాం, నేను కూడా.

తెల్లారేసరికి మొదటి దెబ్బ. అక్క అత్తగారు ఊరి నుంచి ఇత్తడి గిన్నె తెచ్చారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, మెడకి పసుపు కొమ్ము కట్టి స్టవ్ మీద పెడితే అది కుయ్ కుయ్‌మని అరిచి ఆగిపోయింది. ఇండక్షన్ స్టవ్‌లో మంట ఉండదు కదా. కింద ఉన్న తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తే గిన్నె అడుగే వేడెక్కాలి. అందుకు అడుగు అయస్కాంతం అంటుకునే లోహమై ఉండాలి. ఇత్తడికి అంటుకోదు, రాగికీ అల్యూమినియానికీ అంటుకోదు. స్టీలు గిన్నెల్లో కూడా కొన్నిటికి అంటుకోదు. ఇదంతా పంతులుగారి ముందు నిలబడి నేను వివరిస్తుంటే ఆయన వాచీ చూసుకుని, "బాబూ, సైన్సు తర్వాత. ముహూర్తం దాటిపోతోంది" అన్నారు.

అప్పుడు కింద సెల్లార్‌లో వంటవాళ్ళ గ్యాస్ పొయ్యి ఉప్మా కోసం భగభగ మండుతోంది. దాన్ని పైకి తెద్దామని ఒక్కరికీ తట్టలేదు, ఇంజినీర్లం నలుగురం ఉన్నాం మరి.

చివరికి టీ కాచుకునే స్టీలు గిన్నె ఒకటి పనిచేసింది. పసుపు కొమ్ము దానికి మార్చారు. పాలు తూర్పుకి పొంగాలని అత్తయ్యగారు రెండు శుభలేఖలు మడిచి పడమర వైపు స్టవ్ కింద పెట్టి కాస్త వాలు చేశారు. ఆ టచ్ ప్యానెల్ ఉన్నది కూడా తూర్పు వైపే.

పాలు పొంగాయి. బ్రహ్మాండంగా పొంగాయి. నురగ అంతా నేరుగా ప్యానెల్ మీదికి వచ్చింది. టచ్ పనిచేసేది మన వేలు కరెంటుని కాస్త లాగుతుంది కాబట్టి. తడి కూడా అదే పని చేస్తుంది, కాబట్టి పాలకీ వేలికీ తేడా దానికి తెలియదు. పాలే మీటలు నొక్కడం మొదలుపెట్టాయి. కీచు కీచుమంటూ అంకెలు మారాయి, చివరికి చిన్న తాళం గుర్తు వెలిగింది. చైల్డ్ లాక్! పిల్లలు ముట్టుకోకుండా పెట్టిన తాళాన్ని పాలు వేశాయి. అది తీయాలంటే మూడు సెకన్లు వేలు అదిమి పట్టాలట. అక్క చేతులు పసుపు తడితో ఉన్నాయి, ప్యానెల్ మీద మరిగే పాలు. "ఒరేయ్, ఆపరా!" అని అక్క అరుస్తోంది. నేను చీర కొంగులూ పూల బుట్టలూ దాటుకుంటూ వెళ్ళి గోడ దగ్గర స్విచ్ ఆపాను. టక్ అని ఆగింది. ఆ గదిలో పనిచేసిన బటన్ అదొక్కటే.

"ఎంత పొంగితే అంత సిరి" అని అత్తయ్యగారు సర్దిచెప్పారు. ప్యానెల్ సందుల్లోకి పోయిన పాలు మాత్రం వారం పాటు వాసన కొట్టాయి.

వంటింట్లో చేయి ఎప్పుడూ తడిగానో, జిడ్డుగానో, పిండితోనో ఉంటుంది. అలాంటి చోట పొడి వేలు కావాలనే వస్తువుని తయారుచేసినవాడు జన్మలో చపాతీ పిండి కలిపి ఉండడు. మిక్సీని చూడండి. ఎడమకి తిప్పితే పల్స్, కుడికి తిప్పితే ఒకటి, రెండు, మూడు. మా అమ్మ సీరియల్ చూస్తూనే తిప్పుతుంది. దాన్ని ఇంకా ఎవరూ బాగు చెయ్యకపోవడం మన అదృష్టం.

మా నాన్న దగ్గర నోకియా 1100 ఉండేది. 2003లో వచ్చిన ఫోన్, ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దాని 5 అంకె మీద చిన్న బొడిపె ఉండేది. ఆయన కరెంటు పోయిన చీకట్లో కూడా బొటనవేలితో ఆ బొడిపె వెతుక్కుని, అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ నా నంబరు కొట్టేవారు. ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాం. కళ్ళజోడు పెట్టుకుని, తెర తుడిచి, "ఒరేయ్, నీ పేరెక్కడుందో చూడు" అని పక్కనే కూర్చున్న నాకే ఇస్తారు. ఇది అభివృద్ధి అని నన్ను నమ్మమంటారు.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. 2017లో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక ఆయిల్ ట్యాంకర్‌ని గుద్దుకుని 10 మంది నావికులు చనిపోయారు. దర్యాప్తులో తేలిన కారణాల్లో నౌకని నడిపే టచ్ తెరలు కూడా ఉన్నాయి. తర్వాత వేగం మార్చడానికి మళ్ళీ చేత్తో పట్టుకుని తోసే మీటలే పెడతామని ఆ నౌకాదళం చెప్పింది. యూరప్‌లో కార్ల భద్రతకి మార్కులిచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి ఇండికేటర్, హారన్, వైపర్ లాంటివాటికి బటన్లో మీటలో లేకపోతే మార్కులు తగ్గిస్తామంటోంది. అంత పెద్దవాళ్ళే వెనక్కి వస్తుంటే మనకెందుకండీ ఈ మోజు?

సరే, మీ స్టవ్ సంగతి. కొట్టుకి వెళ్ళేముందు ఫ్రిజ్ మీద అంటించుకునే అయస్కాంతం ఒకటి తీసి ఇంట్లో గిన్నెల అడుగున పెట్టి చూడండి, ఎన్ని పనికొస్తాయో తెలుస్తుంది. 2000 వాట్ల స్టవ్ తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, కాబట్టి ఫోన్ చార్జర్ పెట్టే చిన్న ప్లగ్గులో గుచ్చకండి, 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు కావాలి. దాని స్విచ్ గిన్నె వెనకాల కాకుండా చేతికందే చోట ఉందో లేదో కూడా చూసుకోండి. అక్క ఆ టచ్ స్టవ్‌ని అటక మీద పెట్టేసింది, కావాలంటే సగం ధరకి ఇప్పిస్తాను.