శ్రీశైలం బయలుదేరే ముందు

అమ్మలూ,

కారు కొన్నావనీ, కార్తీకంలో అమ్మానాన్నలను నువ్వే నడుపుకుంటూ శ్రీశైలం తీసుకెళ్తున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటి ఆడపిల్లవు. పెద్దమ్మతో గొప్పగా చెప్పుకున్నాను. కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఫ్లైఓవర్ దిగేటప్పుడల్లా గేరు తీసేసి న్యూట్రల్ చేసి పెట్రోలు మిగులుస్తున్నావట! అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

మైలేజీ కావాలంటే తప్పులేదు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించు. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద రాసి ఉంటుంది, బంకులో కుర్రాడి అంచనా అక్కర్లేదు. డిక్కీలో అనవసరమైన బరువు తీసెయ్యి. పెద్ద సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపు. ట్యాంకు నిండా కొట్టించి కిలోమీటర్లు రాసుకో, మళ్లీ నిండా కొట్టించినప్పుడు మధ్యలో తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించు. కంపెనీ చెప్పిన అంకె రాలేదని దిగులుపడకు, అది ప్రయోగశాలలో తేల్చిన లెక్క. పైగా ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, అందులో శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడోవంతు తక్కువ.

ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్తావు కాబట్టి అసలు పొదుపు నీ కుడికాలి దగ్గరే ఉంది. ముందు ఎర్రలైటు కనిపిస్తున్నా దూసుకెళ్లి బ్రేకు తొక్కేవాళ్లను అమీర్‌పేటలో చూస్తూనే ఉంటావు. కొన్న పెట్రోలంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది. నువ్వు దూరం నుంచే కాలు తీసెయ్యి, వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనీ. అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 120 కిలోమీటర్ల వరకు అనుమతి ఉందని 120లో పోకు. 80తో పోలిస్తే గాలి అడ్డు రెండింతలు దాటుతుంది. ఒంటరిగా ఆఫీసుకు వెళ్లే రోజున కారు ఇంట్లో పెట్టి రాయదుర్గం దాకా మెట్రో ఎక్కు, అంతకు మించిన మైలేజీ ఏ కారూ ఇవ్వదు.

ఇక న్యూట్రల్ సంగతి. ఇది మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

నువ్వు పుట్టకముందు వాడొక పాత అంబాసిడర్ కొన్నాడు. దాని దాహానికి వాడి జీతం చాలేది కాదు. దిగుడు కనబడితే చాలు, ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో వదిలేవాడు. ఆర్టీసీలో మాకు మొదటే నేర్పారు, ఏ గేరులో ఘాట్ రోడ్డు ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలని. మా డిపోలో ఒక్కో డ్రైవరు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో లెక్క కట్టేవారు. కేఎంపీఎల్ తగ్గితే పిలిచి అడిగేవారు. అయినా ఘాట్‌లో న్యూట్రల్ చేసి దాన్ని పెంచుకోమని ఎవరూ అనలేదు. ఇదంతా చెబితే, "నీది బస్సు, నాది కారు అన్నయ్యా" అని నవ్వేవాడు.

అప్పుడూ శ్రీశైలమే. ఈగలపెంట దాటి కృష్ణ వైపు దిగుతున్నాం. నేను పక్క సీటులో, మీ అమ్మ, పెద్దమ్మ వెనక. "చుక్క పెట్రోలు లేకుండా డ్యామ్ దాకా పోదాం, చూడు" అని తాళం తిప్పి ఇంజన్ ఆపాడు. మొదటి మలుపులు హాయిగానే గడిచాయి. తర్వాత కాలిన వాసన మొదలైంది. బ్రేకు డ్రమ్ములు వేడెక్కిపోయాయి. వాడు పెడల్ మీద దాదాపు నిలబడ్డా బండి లెక్కచెయ్యడం లేదు. గేరు వెయ్యమని అరిచాను. ఆ వేగంలో పళ్లు కొరికిన చప్పుడే తప్ప గేరు పడలేదు. ఎదురుగా బస్సు వస్తోంది. చివరికి కొండవైపు మట్టికట్టకు రాసుకునేలా తిప్పి ఆపాడు. అటువైపు తలుపులు రెండూ నొక్కుకుపోయాయి. మనుషులకు ఏమీ కాలేదు, మల్లన్న దయ. మీ అమ్మ గుడి చేరేదాకా నోరు విప్పలేదు. అలా ఆదా చేసిన పెట్రోలు అర లీటరు ఉంటుందేమో. తలుపుల మరమ్మతుకు చేసిన అప్పు మాత్రం చాలాకాలం తీర్చాడు.

అంబాసిడర్‌లో కార్బురేటర్ ఉండేది, కాలు తీసినా అది ఇంజన్‌కు పెట్రోలు పంపుతూనే ఉండేది, అందుకే ఇంజన్ ఆపితే కాస్తయినా మిగిలేది. నీ కారులో న్యూట్రల్ చేస్తే ఆ లాభమూ లేదు. గేరులో ఉండి కాలు తీస్తే ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు దాన్ని ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, బండికి పట్టు ఉంటుంది. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగకుండా ఉండడానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది, పట్టు కూడా పోతుంది. ఇక నడుస్తుండగా ఇంజన్ ఆపేస్తే ఒకటి రెండు తొక్కుళ్ల తర్వాత బ్రేకు రాయిలా బిగుస్తుంది, స్టీరింగు బరువెక్కుతుంది. ఈ చిట్కా నేర్పిన నీ ఆఫీసు మిత్రుణ్ని ఒకసారి నా దగ్గరికి పంపు.

కోప్పడ్డానని అలగకు తల్లీ. బయలుదేరే ముందు బ్రేకు ప్యాడ్లు చూపించు, బ్రేకు ఆయిల్ పాతబడితే మార్పించు. చెమ్మ పీల్చిన ఆయిల్ ఘాట్‌లో మరిగిపోతుంది. స్టెప్నీలో గాలి మరిచిపోకు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రిపూట వాహనాలను అడవిలోకి వదలరు, కాబట్టి పొద్దున్నే బయలుదేరండి. వచ్చే ఆదివారం కారు ఇక్కడికి తీసుకురా, నేనూ ఒకసారి కింద దూరి చూస్తాను. పెద్దమ్మ నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని భోంచెయ్యాలట.

మీ పెదనాన్న