కోనసీమ పల్లెలో ఇద్దరే ఉంటున్న తల్లిదండ్రులకు ఏ పరికరాలు కొనాలి?

అమలాపురం దగ్గరి పల్లెలో మీ అమ్మగారూ నాన్నగారూ ఇద్దరే ఉంటున్నారనీ, ఇద్దరికీ డెబ్బై ఏళ్ళు దాటాయనీ, ఇంటి నిండా కెమెరాలు పెట్టించి చెరో స్మార్ట్ వాచీ కొనాలనుకుంటున్నామనీ అమెరికా నుంచి రాశారు. మా అమ్మ పి.గన్నవరం మండలంలోని ఒక ఊళ్ళో ఒంటరిగా ఉంటోంది, నేను పూణేలో ఉద్యోగం చేస్తున్నాను. అందుచేత మాకు పనికొచ్చినవీ, పనికిరానివీ చెబుతాను. పరికరం ఎంత ఖరీదైనదైనా కబురు చేరవేయడం వరకే దాని పని. ఆ కబురు అందగానే గేటు తీసుకుని లోపలికి రాగల మనిషి ఎవరో ముందు తేల్చుకోండి. మాకు పక్కింటి పిన్నిగారు, వీధి చివర ఉండే ఆర్‌ఎంపీ డాక్టరుగారు ఉన్నారు. ఇంటి తాళంచెవి ఒకటి పిన్నిగారి దగ్గరే ఉంటుంది. ఫోనులో చేసిన ఏర్పాట్లన్నీ వీరిద్దరినీ త్వరగా పిలవడానికే.

ఆండ్రాయిడ్ 12, ఆ తరువాత వచ్చిన చాలా ఫోన్లలో పవర్ బటన్‌ను గబగబా ఐదుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్ళే సదుపాయం ఉంది. సెట్టింగుల్లో దానిని ఆన్ చేసి, లాక్ తీయకుండానే రక్తవర్గమూ వాడే మందులూ మీ నంబరూ కనిపించేలా నింపి ఉంచండి. కీప్యాడ్ ఫోనైతే ఒక అంకెను నొక్కి పట్టుకుంటే పక్కింటికి కాల్ వెళ్ళేలా పెట్టుకోవచ్చు. అంబులెన్సుకు 108, పోలీసు వంటి ఇతర అత్యవసరాలకు 112 ఉన్నాయి. వృద్ధుల కోసం కేంద్రం నడిపే 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది; పింఛను, ఆస్తి తగాదాలు, ఇంట్లో వేధింపుల వంటి వాటికి అక్కడ సలహా దొరుకుతుంది కాని దానిని అంబులెన్సు నంబరుగా అనుకోకూడదు. మన వైపు ఇంకొక చిక్కు ఉంది. కాలువ గట్టు దిగి, పుంతలోకి తిరిగి, కొబ్బరితోటల మధ్యకు వెళితే తప్ప కనిపించని ఇళ్ళు అనేకం కనుక అంబులెన్సు వచ్చినా దారి వెతుక్కుంటూ సమయం పోతుంది. ఇంటి లొకేషన్‌ను వాట్సాప్‌లో పిన్నిగారికీ డాక్టరుగారికీ ముందే పంపి, ఆ సందేశాన్ని నక్షత్రం గుర్తుతో దాచుకోమన్నాను. అవసరం వస్తే వారు వెతక్కుండా దానిని ముందుకు పంపగలరు.

కెమెరాల విషయంలో మా అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది: "నా ఇంట్లో నేను తిరుగుతుంటే నువ్వక్కడ కూర్చుని చూస్తావుట్రా?" అన్నది. ఆ మాటలో న్యాయం ఉంది. చివరికి వీధి గుమ్మం వైపు చూసే కెమెరా ఒక్కటే పెట్టాము, అదీ ఆవిడ సరే అన్న తరువాతే. కరెంటు పోతే దానికి నెట్ ఉండదు కనుక రౌటరును ఇన్వర్టరుకు కలపక తప్పదు, కెమెరాతో పాటు వచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చక తప్పదు. ఇక వాచీ. పడిపోతే గుర్తుపట్టే వాచీలు ఉన్న మాట నిజమే, అయితే సొంతంగా సిమ్ లేని వాచీ పక్కన ఫోను ఉంటేనే కాల్ చేయగలదు, తరచుగా ఛార్జింగు పెట్టాలి, పైగా కాలు జారే అవకాశం ఎక్కువగా ఉండే స్నానాలగదిలోకి వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళు దానిని తీసి పక్కన పెడతారు. ఆ డబ్బులో కొద్దిభాగంతో మంచం దగ్గర నుంచి స్నానాలగది దాకా మనిషి కదిలితే వెలిగే సెన్సారు బల్బులు, గోడకు పట్టుకునే కడ్డీలు పెట్టించడం మేలని నా అభిప్రాయం. మీ నాన్నగారికి వాచీ పెట్టుకునే అలవాటు ముందు నుంచీ ఉంటే ఆయనకు మాత్రం కొనండి.

నగరాల్లో ఉన్నవారు ఇచ్చే సలహాల్లో గోదావరి ఉండదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. 2022 జులైలో వచ్చినటువంటి వరదకు లంకల్లో కరెంటు ఉండదు, చాకలిపాలెం దగ్గరి కనకాయలంక కాజ్‌వే వంటివి నీట మునిగి రాకపోకలు పడవల మీదికి మారతాయి, అంటే పరికరాలన్నీ ఎంతో అవసరమైన సమయంలోనే మూగబోతాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక వచ్చిందంటే ఆ నీరు మన దాకా రావడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. మా ఇంట్లో పవర్‌బ్యాంకులు నింపడం, కీప్యాడ్ ఫోను బయటికి తీయడం, రెండు వారాల బీపీ మందులు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టడం అప్పుడే మొదలవుతుంది. ఆ ఫోనులో వేరే కంపెనీ సిమ్ వేశాను, ఒక టవరు ఆగినా మరొకటి అందవచ్చునని. రాష్ట్ర విపత్తుల సంస్థ కంట్రోల్ రూము 1070 నంబరును గోడ మీది క్యాలెండరుపై పెద్ద అంకెలతో రాసి పెట్టాము. 1986 వరదను చూసిన అమ్మకు అధికారుల లెక్కల కన్నా, నీరు ఇంటి మెట్లు ఎన్ని ఎక్కిందన్న తన లెక్క మీదే గురి, దానినీ నేను కాదనను.

ఫోను వచ్చాక మోసగాళ్ళూ ఇంట్లోకి వచ్చినట్టే. పెళ్ళి శుభలేఖ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) తెరిచి ఇన్‌స్టాల్ చేస్తే బ్యాంకు సందేశాలు అవతలివాడి చేతికి పోతాయి. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులతో కనబడి "డిజిటల్ అరెస్టు" అని బెదిరించేవారు ఉన్నారు. అటువంటి అరెస్టు మన చట్టంలోనే లేదని అమ్మకు విడమరిచి చెప్పాను. డబ్బు మాట ఎత్తిన ఏ కాల్‌నైనా, గొంతు నాదే అయినా సరే, పెట్టేసి తిరిగి నా నంబరుకు చేయడం మా ఇంటి నియమం. వాట్సాప్‌లో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే ఏర్పాటును ఆన్ చేయండి, యూపీఐ ఉన్న ఖాతాలో నెల ఖర్చుకు సరిపడా మాత్రమే ఉంచండి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు చెప్పాలని నేర్పండి. ఆధార్ వేలిముద్రలకు తాళం వేసే సదుపాయమూ మంచిదే, అయితే ఒకటో తారీఖున ఇంటికి వచ్చి ఇచ్చే సామాజిక పింఛను తీసుకునేవారు ఆ రోజుకు తాళం తీయకపోతే ఆధార్ ధ్రువీకరణ జరగదు.

కాల్ చేసిన ప్రతిసారీ "మందు వేసుకున్నావా, తలుపు వేశావా" అనే తనిఖీగా మారితే వారు ఫోను తీయడానికే విసుగుపడతారు. నేను ఆవకాయలో ఉప్పు పాళ్ళు అడుగుతాను, పులస ధర అడుగుతాను. సంభాషణ దానంతట అది సాగుతుంది. టైపు చేయడం కష్టం కనుక అమ్మకూ అక్కచెల్లెళ్ళకూ ఒక గ్రూపు పెట్టి, గొంతు సందేశాలు పంపడం నేర్పాము. అంతర్వేది కల్యాణాన్ని ఎవరింట్లో వారు యూట్యూబులో చూస్తూ, ఆ గ్రూపులో తెల్లవార్లూ మాట్లాడుకుంటారు.

ఉదయం ఎనిమిది లోపు అమ్మ నుంచి గొంతు సందేశమో ఫొటోయో రాకపోతే నేను కాల్ చేస్తాను, అది కూడా తీయకపోతే పిన్నిగారు వెళ్ళి చూస్తారు. అలా వెళ్ళినప్పుడు ఎక్కువసార్లు తేలింది రీఛార్జి అయిపోయిందనే. అందువల్ల ఇప్పుడు ఏడాది ప్లాను నేనే ఒకేసారి వేస్తున్నాను. మీ అమ్మానాన్నల దగ్గర రెండు సిమ్‌లు ఉంటే, ఆధార్‌కూ బ్యాంకుకూ ముడిపడిన నంబరు ఏదో ముందు కనుక్కుని, అది మాత్రం ఎన్నటికీ ఆగిపోకుండా చూడండి.