మోటివేషన్ వీడియోలు చూసి చూసి మా వాడు పాడైపోతాడా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ మొదటి సంవత్సరం. రోజూ రెండు గంటలు స్ఫూర్తినిచ్చే ప్రసంగాలు చూస్తాడు. మోటివేషనల్ స్పీకర్‌నే అవుతానంటున్నాడు. మంచివే కదా అని నేనూ రోజుకు రెండు మూడు పంపేదాన్ని. ఇప్పుడు భయమేస్తోంది. ఇవి మేలా, పాఠాల వీడియోలు మేలా?

జవాబు: అమ్మా, వీడియోల సంగతి అలా ఉంచండి. వాడు చేతికి అందకుండా పోతాడేమోనన్నది కదా మీ దిగులు? పోడు. ఈ వయసులో బాగా మాట్లాడేవాళ్లను చూసి అలా అవ్వాలనుకోవడం జబ్బేమీ కాదు. కానీ రోజుకు మూడు మీరే పంపి, వాడు వాటిని నమ్మాడని కంగారు పడితే ఎలా? పంపినవాటిలో మీరు చివరిదాకా చూసినవెన్ని? ఇకనుంచి వారానికి ఒక్కటి చాలు, అదీ ముందు మీరు పూర్తిగా చూశాకే.

స్పీకర్ అవడం మీద మాత్రం నాకూ అనుమానాలున్నాయి. రాండీ పాష్ 2007లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఇచ్చిన చివరి ఉపన్యాసం తప్పక చూడదగ్గది. ఆయన స్పీకర్ కాదు, కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. ఏళ్ల తరబడి వర్చువల్ రియాలిటీ మీద పనిచేశాడు కాబట్టే చెప్పడానికి అంత సరుకుంది. వేదిక ఆ పనికి వచ్చిన కొసరు. కొసరునే అసలు అనుకుంటే ఇతరుల కథలు అప్పు తెచ్చుకుని చెప్పాల్సి వస్తుంది. 'ఏ విషయం మీద మాట్లాడతావు?' అని మీ వాణ్ణి అడగండి. ఎగతాళిగా కాదు, నిజంగానే.

ఇంకో చిక్కుంది. ప్రసంగం బాగుండటం వేరు, చెప్పింది నిలబడటం వేరు. రెండు నిమిషాలు ఠీవిగా నిలబడితే ఒంట్లో హార్మోన్లే మారతాయని సామాజిక మనస్తత్వవేత్త ఎమీ కడీ 2012లో టెడ్ అనే ప్రసంగాల వేదిక మీద చెప్పారు. తర్వాత ఎక్కువమందితో చేసిన పరీక్షలో ఆ మార్పు కనిపించలేదు. ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని కడీ పరిశోధనలో భాగస్వామి అయిన డేనా కార్నీయే 2016లో బయటపెట్టారు. వీడియో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అందుకే ప్రసంగంలో 'పరిశోధనలో తేలింది' అన్న మాట రాగానే ఆపి, అదే అంశం మీద తర్వాత ఏం తేలిందో వెతకడం నేర్పండి.

మీరడిగిన పోలిక చిన్నదే. టెడ్‌లో గరిష్ఠంగా 18 నిమిషాలు. ఆ వ్యవధిలో ఆసక్తి పుడుతుంది, విద్య రాదు. అమెరికాలోని ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా అనే గణిత పాఠాలో, 1964లో కార్నెల్ యూనివర్సిటీలో భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఇచ్చిన ఏడు ఉపన్యాసాలో చూస్తే ఆలోచన ఎలా నడుస్తుందో కళ్లముందే కనిపిస్తుంది. రెండూ ఉండనివ్వండి.

మాట్లాడే విద్యే కావాలంటే ఎంఐటీలోనే ప్రొఫెసర్ పాట్రిక్ విన్‌స్టన్ చెప్పిన గంట పాఠం ఒకటుంది, ప్రసంగం ఎలా చెయ్యాలన్నదాని మీద. జోక్‌తో మొదలుపెట్టొద్దంటాడు. విన్నాక ఏం తెలుస్తుందో మొదటే చెప్పమంటాడు. దాన్ని ఒకసారి ఆపకుండా చూడాలి. రెండోసారి పది నిమిషాలకోసారి ఆపి, తర్వాత ఏం చెబుతాడో ఊహించి కాగితం మీద రాసుకోవాలి. రెండు రోజులాగి, కాగితం చూడకుండా మూడు నిమిషాల్లో అదే విషయం చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. చూస్తున్నప్పుడు అంతా తెలిసినట్టుంటుంది, చెప్పబోతే రెండో వాక్యం రాదు. నిమిషం క్లిప్పులతో ఈ సాధన కుదరదు, వాటిలో వాదన తీసేసి ముగింపే ఉంచుతారు. ఆటోప్లే ఆపేయాలి. స్పీడ్ పెంచడం పాఠాలకు సరే గానీ కచేరీకీ, నాటకానికీ, మంచి వక్తకూ వద్దు. అక్కడ మౌనం కూడా పనిచేస్తుంది, స్పీడ్ పెంచితే ముందు చచ్చేది అదే. ఆర్కెస్ట్రా కండక్టర్ లియొనార్డ్ బెర్న్‌స్టైన్ 1958 నుంచి పిల్లల కోసం చేసిన కచేరీలు మామూలు వేగంతో చూస్తే, మాట ఎక్కడ ఆపి వాద్యానికి వదలాలో తెలుస్తుంది.

ఇలా నెల రోజులు సాగనివ్వండి. నాలుగు రికార్డింగులు మిగిలితే కాలేజీలో డిబేట్ క్లబ్‌కు పంపండి. ఒక్కటీ లేకపోతే వాడికున్నది చూసే సరదా మాత్రమే, దానివల్లా నష్టం లేదు. ఆ రికార్డింగులు మీకు వినిపించమని మాత్రం అడక్కండి, అడిగితే చెయ్యడమే మానేస్తాడు.