చర్య, ప్రతిచర్య సమానమైతే బండి అసలెలా కదులుతుంది?

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. "గుర్రం బండిని ఎంత బలంతో లాగితే బండీ గుర్రాన్ని అంతే బలంతో వెనక్కి లాగుతుందని పుస్తకంలో ఉంది. అప్పుడు రెండూ కొట్టేసుకుపోవాలి కదా, బండి ఎలా కదులుతుంది?" అంటోంది. ఏం చెప్పాలి?

జవాబు: ముందు మీ పాపకు శభాష్ చెప్పండి. ఆ వయసులో నేను న్యూటన్ మూడో నియమాన్ని (ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య వ్యతిరేక దిశలో ఉంటుంది) పొల్లుపోకుండా అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నానే తప్ప, ఈ అనుమానం నాకు రానేలేదు. డిగ్రీ అయ్యాక ట్యూషన్లు చెప్పే రోజుల్లో ఒక పిల్లవాడు సరిగ్గా ఇదే అడిగాడు. "గుర్రం కాస్త ఎక్కువ బలంతో లాగుతుందిలే" అనేశాను. పచ్చి తప్పు. ఇంటికెళ్లి కాగితం మీద బాణాలు గీసుకుంటే, నా జవాబు ఏ నియమాన్ని వివరించాలో దాన్నే కాదంటోందని అర్థమైంది. మర్నాడు పిల్లలందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను.

అసలు సంగతి చిన్నదే. రెండు బలాలు కొట్టేసుకోవాలంటే రెండూ ఒకే వస్తువు మీద పనిచేయాలి. గుర్రం లాగే బలం బండి మీద పడుతుంది, బండి లాగే బలం గుర్రం మీద పడుతుంది. నా ఖాతాలోంచి మీ ఖాతాలోకి డబ్బు వస్తే నాకు తగ్గిందీ మీకు పెరిగిందీ సమానమే. అంతమాత్రాన మీ ఖాతాలో ఏమీ మారలేదని ఎవరూ అనరు కదా!

కాబట్టి బండి సంగతి తేలాలంటే బండిని మాత్రమే చూడాలి. దాని ద్రవ్యరాశి 200 కిలోలు, గుర్రం లాగే బలం 500 న్యూటన్లు (బలాన్ని కొలిచే యూనిట్), వెనక్కి పట్టి ఉంచే ఘర్షణ 300 న్యూటన్లు అనుకుందాం. మిగిలింది 200 న్యూటన్లు. దాన్ని 200 కిలోలతో భాగిస్తే త్వరణం, అంటే వేగం పెరిగే రేటు, వస్తుంది: ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 1 మీటరు చొప్పున పెరుగుతుంది. మరి గుర్రం? దాన్ని బండి 500 న్యూటన్లతో వెనక్కి లాగుతూనే ఉంది. అయినా ముందుకు పోతోందంటే, అది డెక్కలతో నేలను వెనక్కి తంతోంది, నేల దాన్ని ముందుకు నెడుతోంది. గుర్రం 400 కిలోలైతే నేల 900 న్యూటన్లతో నెట్టాలి. అందులో 500 బండి లాగుడుకు పోగా, మిగిలిన 400 గుర్రానికి అదే త్వరణం ఇస్తుంది. నున్నటి మంచు మీద నిలబెడితే ఎంత బలమైన గుర్రమైనా కాళ్లు జారడం తప్ప చేసేదేమీ లేదు. (ఈ గుర్రం ఉదాహరణ పాతదే. 1687లో నియమాలు ప్రకటించినప్పుడు న్యూటన్ కూడా తాడుతో రాయిని లాగే గుర్రం గురించే చెప్పాడు.)

ఇంత చెప్పినా పిల్లలకు నమ్మకం కుదరలేదు. చక్రాల కుర్చీలు రెండు తెచ్చి నున్నటి గచ్చు మీద ఎదురెదురుగా పెట్టాం. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో నా బరువులో సగం ఉండే కుర్రాడు, మధ్యలో తాడు. "నువ్వు ఊరికే పట్టుకో, నేనొక్కణ్ణే లాగుతాను" అన్నాను. వాడొక్కడే నా వైపు వస్తాడని అందరూ పందెం. లాగితే ఇద్దరం కదిలాం. వాడు దాదాపు రెండింతలు వేగంగా వచ్చాడు, ఎందుకంటే బలం అదే, ద్రవ్యరాశి సగం. తర్వాత వాణ్ణి లాగమని నేను ఊరికే పట్టుకున్నా ఫలితం మారలేదు. ఆఖరున నేను పాదాలు నేలకు గట్టిగా ఆనించి లాగాను. ఈసారి వాడొక్కడే వచ్చాడు. నన్ను కదలకుండా ఆపింది నేల అని వేరే చెప్పాల్సిన పని పడలేదు.

నేల లేనిచోట రాకెట్ ఎలా పోతుందని వెంటనే అడుగుతారు, సిద్ధంగా ఉండండి. అది తనలోంచి వచ్చే వేడి వాయువులను వెనక్కి నెడుతుంది, అవి దాన్ని ముందుకు నెడతాయి. గాలితో పని లేదు. 1920లో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం ఇది తెలియకనే రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌ను ఎగతాళి చేసి, 1969 జులైలో అపోలో 11 చంద్రుడి దారిలో ఉండగా తప్పు దిద్దుకుంది. నాకు ఒక్క రోజే పట్టింది!

పరీక్షల్లో ఎక్కువమంది బోల్తా పడేది మాత్రం బల్ల మీది పుస్తకం దగ్గర. పుస్తకం బరువు కిందికి, బల్ల నెట్టే బలం పైకి, రెండూ సమానం కాబట్టి ఇవే చర్య, ప్రతిచర్య అని రాసేస్తారు. కాదు. ఆ రెండూ పుస్తకం మీదే ఉన్నాయి, అందుకే కొట్టేసుకుంటున్నాయి. జంట కనిపెట్టడానికి వాక్యాన్ని తిరగేయమనండి: "భూమి పుస్తకాన్ని లాగుతోంది" తిరగేస్తే "పుస్తకం భూమిని లాగుతోంది". అదీ జంట. బల్ల ఊసే లేదు.

అప్పటికీ సందేహం ఉంటే పాప చేతిలో ఒక పుస్తకం పెట్టి, చెయ్యి చటుక్కున పక్కకు తీసేయమనండి. చెయ్యి నెట్టే బలం పోయింది, భూమి లాగుడు అలాగే ఉంది, పుస్తకం కింద పడింది. నిజంగా జంటే అయితే ఒకటి పోయి ఇంకొకటి మిగలదు.