తాళం పగలగొట్టిన గది సంగతి వేరు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఉద్యోగం వల్ల శ్రీకాకుళంలో ఉంటున్నాం. ఊళ్లో నాన్నగారు స్థలం కొని కట్టిన ఇల్లుంది. మూడేళ్ల క్రితం మా మేనత్త కొడుకు జీడిపిక్కల బస్తాలు పెట్టుకుంటానంటే ముందు గదులు ఇచ్చాను. అద్దె లేదు, కాగితం లేదు. వెనక గదికి నా తాళమే ఉండేది. రెండు నెలల క్రితం ఆ తాళం పగలగొట్టి, నాన్నగారి మంచం, ట్రంకు పెట్టె పెరట్లో పడేసి బస్తాలు నింపాడు. "ఖాళీ చెయ్యి బావా" అంటే "దిక్కున్నచోట చెప్పుకో" అన్నాడు. నోటీసు ఇచ్చినా కదలకపోతే ఒడిశాలో అదే నేరమని, జైలుకు పంపొచ్చని ఒక ప్లీడరు గుమస్తా చెప్పాడు. నిజమేనా?

జవాబు: గుమస్తా చెప్పింది ఒకప్పటి మాట. 1986లో ఒడిశా ప్రభుత్వం ఐపీసీలో (పాత శిక్షాస్మృతిలో) అక్రమ ప్రవేశం అంటే ఏమిటో చెప్పే 441వ సెక్షన్‌కి సొంతంగా ఒక సవరణ చేసుకుంది. అనుమతితో వచ్చినవాడైనా, ఆస్తి కాజేసే ఉద్దేశంతో తిష్ఠ వేసి, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాక కూడా పోకపోతే అది అక్రమ ప్రవేశమేనని అందులో ఉండేది. 2024 జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 441కి బదులు వచ్చిన 329వ సెక్షన్‌లో ఈ నోటీసు వాక్యం లేదు. మా కోర్టుల్లో ఇప్పటికీ పాత నెంబర్లే నోటికొస్తాయి, ఆయన్ని అనుకుని లాభం లేదు.

శిక్షల్లో మారినది ప్రధానంగా జరిమానా. మామూలు అక్రమ ప్రవేశానికి జైలు మునుపటిలాగే మూడు నెలల దాకా, జరిమానా మాత్రం 500 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఇంట్లోకి చొరబడితే ఏడాది దాకా జైలు, జరిమానా 1,000 నుంచి 5,000కి.

ఇక మీ ఇల్లు. ముందు గదులు మీరే ఇచ్చారు. ఖాళీ చేయనంటే అది సివిల్ తగాదా. అనుమతి రద్దు చేస్తున్నానని రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, ఇల్లున్న చోటే, అంటే పర్లాకిమిడి కోర్టులోనే దావా వేయాలి. మీ అనుమతితో ఉన్నవాడు ఎన్నేళ్లున్నా అంతమాత్రాన హక్కుదారు కాడు, ఆ టెన్షన్ వద్దు.

వెనక గది అలా కాదు. అది మీ స్వాధీనంలో ఉంది, తాళం మీది. తాళం పగలగొట్టి లోపలికి వెళ్లడం న్యాయ సంహిత 331వ సెక్షన్ కింద గృహభేదనం, రెండేళ్ల దాకా జైలు, పైన జరిమానా. అయితే "సరుకు ఎక్కువైంది, చోటు చాలక పెట్టుకున్నా" అని ఆయన తప్పించుకోజూస్తాడు. నేరం కావాలంటే మీకు ఇబ్బంది అవుతుందని ఆయనకు తెలిస్తే చాలదు, ఇబ్బంది పెట్టడమే ప్రధాన ఉద్దేశమై ఉండాలని మథ్రీ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అందుకే పెరట్లో పడేసిన ట్రంకు పెట్టె, "దిక్కున్నచోట చెప్పుకో" అన్న మాట ఫిర్యాదులో తప్పక రాయండి. పగిలిన తాళం పారేయకండి. పెరట్లో పెట్టె ఉన్నచోటే ఫొటో తీయించండి, చుట్టుపక్కల చూసినవాళ్లుంటే పేర్లు రాసుకోండి.

ఫిర్యాదుకు పర్లాకిమిడి దాకా వెళ్లడం కుదరకపోతే శ్రీకాకుళంలోనైనా ఇవ్వొచ్చు. తమ పరిధి కాకపోయినా పోలీసులు జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేసి పర్లాకిమిడికి పంపాలి, కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. నా అనుభవంలో మాత్రం నేరుగా పర్లాకిమిడి స్టేషన్‌కే వెళ్లి, ఒడియాలో రాయించిన కాగితం ఇస్తే పని తొందరగా అవుతుంది. సంతకం పెట్టేముందు చదివించుకుని వినండి.

ఆ గది తిరిగి రావాలంటే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేయొచ్చు. అందులో పట్టా ఎవరి పేరున ఉందన్నది అడగరు, ఎవరి చేతిలోంచి లాక్కున్నారన్నదే చూస్తారు. గడువు ఆరు నెలలే. మీకు ఇంకా నాలుగు ఉన్నాయి.

ఈలోగా కోపంలో ముందు గదులకు మీ తాళం వేయకండి. ప్రస్తుతం అవి ఆయన చేతిలో ఉన్నాయి. అదే 329 మీ మీద పెడతాడు.