చిలికాకు మనుషులు తవ్విన ముఖద్వారం

ప్రశ్న: చిలికా సరస్సును సముద్రంతో కలిపే దారిని మనుషులే తవ్వారంటారు. ఎందుకు తవ్వారు? జాలరులకు ఏం మేలు జరిగింది?
– ఒక పాఠకుడు, ఇచ్ఛాపురం

జవాబు: మీరు విన్నది నిజమే గానీ, చిలికాకు సహజమైన ముఖద్వారం మునుపటి నుంచీ ఉంది. అలలు, ప్రవాహాలు తీరం వెంబడి ఇసుకను ఉత్తరానికి నెట్టుకుపోవడంతో ఆ ద్వారం ఏటికేడాది దూరం జరిగి, పాత కాలువ మేటవేసి, ఆటుపోట్లు సరస్సులోకి సరిగా చేరకుండా పోయాయి. ఉప్పదనం తగ్గింది, కలుపు మొక్కలు అల్లుకున్నాయి, చేపలు, రొయ్యలు సముద్రం నుంచి వచ్చే దారి మూసుకుపోయింది. 1993లో చిలికా ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాకెక్కింది. చివరకు 2000 సెప్టెంబరులో చిలికా అభివృద్ధి సంస్థ సాతపడా సమీపంలో ఇసుక దిబ్బను చీల్చి కొత్త ముఖద్వారం తెరిచింది. సముద్రానికి దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గింది.

ఫలితం త్వరలోనే కనిపించింది. అంతకుముందు ఏడాదికి రెండు వేల టన్నులకు లోపే ఉన్న చేపలు, రొయ్యలు, పీతల దిగుబడి కొద్ది ఏళ్లలోనే పది వేల టన్నులు దాటింది. ఇరావతి డాల్ఫిన్లను చూపే పడవలు సాతపడా వాసులకు మరో జీవనాధారమయ్యాయి. 2002లో ఆ ప్రమాద జాబితా నుంచి చిలికా పేరు తొలగింది. అయితే ఇసుక కదలిక ఆగేది కాదు కనుక, తవ్విన ద్వారాన్ని కనిపెట్టుకొని ఉండక తప్పదు. ఇసుక మేటల బెడద ఉన్న మన పులికాట్ జాలరులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.