డాక్టర్ సలహా: ‘కిల్లర్’ కణాలు నా బిడ్డల్ని చంపేశాయా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పలాస దగ్గర పల్లెటూరు. నాకు 27 ఏళ్లు, పెళ్లయి నాలుగేళ్లు. రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ మూడో నెల నిండకుండానే పోయింది. విశాఖలో ఒక సెంటర్‌కి వెళ్తే రక్తం తీసి ఎన్‌కే సెల్స్ పరీక్ష చేశారు. 17 శాతం వచ్చింది. 12 దాటకూడదట. ఎన్‌కే అంటే నేచురల్ కిల్లర్ అట, అవే బిడ్డను చంపేస్తున్నాయన్నారు. ఈసారి నెల తప్పగానే ఐవీఐజీ ఇంజెక్షన్లు గానీ, తెల్లగా ఉండే కొవ్వు మందు డ్రిప్ గానీ ఎక్కించాలంటున్నారు. లక్షల్లో అవుతుందట. మా ఆయన జీడి ఫ్యాక్టరీలో పని చేస్తారు, పొలం అమ్మైనా చేయిద్దామంటున్నారు. నిజంగా నా ఒంట్లో ఉన్నవే నా బిడ్డల్ని చంపేశాయా?

జవాబు: అమ్మా, చివరి మాటకే ముందు జవాబు చెప్తాను. లేదు. ఆ రిపోర్టులో ఉన్న 17 అనే అంకె అలాంటిదేమీ రుజువు చెయ్యదు. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషికి ‘మీ కణాలే చంపాయి’ అని చెప్పి పంపిస్తే ఆవిడకి రాత్రి నిద్ర ఎలా పడుతుంది? మీ ఉత్తరం చదివాక నాకు చాలాసేపు అదే ఆలోచన. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, మీ ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ముందు ఆ పేరు సంగతి. 1975లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో ఎలుకల మీద పరిశోధన చేస్తుంటే ఒక రకం తెల్ల రక్తకణాలు కనిపించాయి. ముందు టీకా వేయకపోయినా, అంతకుముందు ఎప్పుడూ చూడకపోయినా, రక్త క్యాన్సర్ కణాల్ని ఇవి చంపేస్తున్నాయి. ఎవరూ నేర్పకుండానే చంపుతున్నాయి కాబట్టి నేచురల్ కిల్లర్ అన్నారు. ఎముక మజ్జలో పుట్టే ఈ కణాలు మన అందరి ఒంట్లోనూ ఉంటాయి, ఉండాలి. ఇవి పుట్టుకతోనే లోపించినవాళ్లని హెర్పిస్ జాతి వైరస్‌లు మళ్లీ మళ్లీ, చాలా తీవ్రంగా పీడిస్తాయి.

ఇవి పని చేసే తీరు చాలా తెలివైనది. మీ ఆయన ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇద్దరు వాచ్‌మన్‌లు ఉన్నారనుకోండి. ఒకడి చేతిలో ఒక దొంగ ఫొటో ఉంటుంది, ఆ ముఖం కనిపిస్తేనే పట్టుకుంటాడు. టీ కణాలు అనే ఇంకో రకం తెల్లకణాలు ఇలాంటివి. గురి తప్పదు గానీ కొత్త దొంగ వస్తే ఫొటో తయారై చేతికి రావడానికే రోజులు పడుతుంది. రెండోవాడి దగ్గర ఫొటో ఏమీ లేదు, వచ్చినవాళ్ల మెడలో గుర్తింపు కార్డు ఉందా లేదా అని చూస్తాడు. ఎన్‌కే కణం చేసేది ఇదే. మన ఒంట్లో దాదాపు ప్రతి కణం పైనా హెచ్ఎల్ఏ అనే ప్రొటీన్ కార్డులా ఉంటుంది. వైరస్ దూరిన కణాలు, కొన్ని క్యాన్సర్ కణాలు టీ కణాల కంట పడకూడదని ఈ హెచ్ఎల్ఏనే దాచేస్తాయి. అలా దాచడం వల్లే ఎన్‌కే కణానికి దొరికిపోతాయి. 1980లలో క్లాస్ కారె అనే స్వీడన్ శాస్త్రవేత్త ఈ సంగతి బయటపెట్టారు.

అయితే కార్డు లేకపోవడం ఒక్కటే చాలదు. ఎర్ర రక్తకణాల మీద ఈ కార్డు దాదాపు ఉండదు, అయినా ఎన్‌కే కణాలు వాటి జోలికి పోవు. ఎదుటి కణం చెడిపోయిందనో, ఇబ్బందిలో ఉందనో చెప్పే ఇంకో గుర్తు కూడా కనిపించాలి. ఒకవైపు ‘కొట్టు’ అనే సంకేతాలు, ఇంకోవైపు ‘ఆగు’ అనే సంకేతాలు, ఈ రెంటినీ తూకం వేసుకుని ‘కొట్టు’ వైపు మొగ్గితేనే ముందుకెళ్తుంది. అప్పుడు ఆ కణానికి అతుక్కుని, తన లోపలున్న చిన్న చిన్న సంచుల్ని సరిగ్గా ఆ అతుక్కున్న చోటికే తెచ్చి విప్పుతుంది. అందులోని పెర్ఫోరిన్ అనే ప్రొటీన్ ఎదుటి కణం గోడకి రంధ్రాలు పెడితే, వాటి గుండా గ్రాంజైమ్‌లు అనే ఇంకొన్ని ప్రొటీన్లు లోపలికెళ్లి ఆ కణం తనంతట తానే ముక్కలైపోయేలా చేస్తాయి. చుట్టుపక్కల కణాలకి పెద్దగా నష్టం ఉండదు. ఇంత జాగ్రత్తగా తూచి పని చేసే కణాన్ని పేరు చూసి రౌడీని చేసేశారు, అదీ నా బాధ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గర్భసంచిలోనూ ఎన్‌కే కణాలు ఉంటాయి. మొదటి మూడు నెలల్లో అక్కడి గర్భసంచి పొరలో ఉండే తెల్లకణాల్లో సుమారు 70 శాతం ఇవే. బిడ్డ ఉన్న చోటే ఇన్ని కిల్లర్‌లా అని భయపడకండి, ఇవి రక్తంలో తిరిగే రకం కాదు. చంపే గుణం వీటికి చాలా తక్కువ. మాయ నుంచి తల్లి గర్భసంచిలోకి చొచ్చుకెళ్లే కణాలు హెచ్ఎల్ఏ-జి, హెచ్ఎల్ఏ-ఈ అనే ప్రత్యేకమైన కార్డులు చూపిస్తాయి, అవి చూసి ఎన్‌కే కణం ఆగిపోతుంది. ఆగడమే కాదు, సాయం చేస్తుంది. తల్లి వైపు సన్నటి రక్తనాళాలు బిడ్డకి సరిపడా రక్తం తేవాలంటే బాగా వెడల్పు కావాలి. పిల్లకాలువని వెడల్పు చేసి చేనుకి నీళ్లు మళ్లించినట్టు ఈ పనిలో మాయ కణాలతో పాటు ఎన్‌కే కణాలూ చెయ్యి వేస్తాయి. ఆ నాళాలు సరిగ్గా వెడల్పు కాకపోతే తర్వాత నెలల్లో తల్లికి బీపీ పెరగడం, బిడ్డ బరువు పెరగకపోవడం లాంటి ఇబ్బందులు రావచ్చు.

మీ పరీక్ష చేసింది చేతి రక్తంతో. గర్భసంచిలో ఏం జరుగుతోందో అది చెప్పలేదు. విశాఖలో ఆకాశం చూసి పలాసలో వాన పడిందో లేదో చెప్పినట్టే ఉంటుంది. పైగా రక్తంలోని లింఫోసైట్లు అనే రకం తెల్లకణాల్లో ఎన్‌కే కణాలు 5 నుంచి 20 శాతం దాకా ఉండటం మామూలే, మీ 17 అందులోనే ఉంది. అదీ రోజంతా ఒకేలా ఉండదు, గబగబా మెట్లెక్కినా, భయపడినా కాసేపట్లోనే పెరుగుతుంది. పొద్దున్నే లేచి, అంత దూరం ప్రయాణం చేసి, టెన్షన్‌తో సూది కోసం చెయ్యి చాపిన మనిషి అంకె అది. యూరప్‌లోని సంతాన వైద్య నిపుణుల సంఘం ఎష్రే కూడా, గర్భస్రావాలైన వాళ్లకి ఈ పరీక్ష చేయించమని చెప్పడానికి తగిన ఆధారాలు లేవనే అంటోంది.

మరి ఆ మందులు? తెల్లటి డ్రిప్ అంటే సోయా నూనెతో చేసిన కొవ్వు, నోటితో తినలేని రోగులకి ఆహారంగా ఎక్కించేది. గర్భం నిలబెడుతుందనడానికి గట్టి రుజువు లేదు. ఐవీఐజీ వేలమంది దాతల రక్తం నుంచి తీసే యాంటీబాడీలు, కొన్ని జబ్బుల్లో ప్రాణం నిలబెట్టే మందు. కానీ దాని వల్ల రక్తం గడ్డలు కట్టొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతం అమ్మాయికి, ఈ ఒక్క అంకె చూసి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అయినా చూడకుండా ఆ మందు ఎక్కిస్తామంటే నేను ఒప్పుకోను.

మీరు చేయించుకోవాల్సిన పరీక్షలు వేరే ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష. మొదటిసారి పాజిటివ్ వస్తే 12 వారాలు ఆగి మళ్లీ చేయాలి. రెండోసారీ పాజిటివ్ వస్తే చిన్న డోసు ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇంజెక్షన్లతో చాలామందికి బిడ్డ దక్కుతుంది, దీన్ని మాత్రం వదలకండి. గర్భసంచి లోపల అడ్డుగోడ లాంటిది ఏమైనా ఉందేమో స్కానింగ్‌లో చూడాలి. థైరాయిడ్, షుగర్, బీపీ, క్రియాటినిన్ ప్రభుత్వాసుపత్రిలోనే చేయించుకోవచ్చు. ఇవన్నీ బాగుంటే, మీ ఇద్దరికీ క్రోమోజోముల పరీక్ష అవసరమా అన్నది గైనకాలజిస్ట్ చెప్తారు.

ఒక మాట మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం, పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోతాయి. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడో కలిసేటప్పుడో జరిగే పొరపాటు అది. మీరు బిందె ఎత్తినందుకో, బొప్పాయి ముక్క తిన్నందుకో, బండి ఎక్కినందుకో కాదు. మీ వయసులో రెండుసార్లు పోయినా, ఏ చికిత్సా లేకుండానే తర్వాతి గర్భం నిలిచేవాళ్లు సగం కంటే ఎక్కువమందే ఉంటారు.

పొలం అమ్మకండి. మళ్లీ ప్రయత్నించే ముందు కనీసం నెల రోజుల నుంచి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోండి. మీ ఆయనకి బీడీ అలవాటుంటే మాన్పించండి, ఇంట్లో పెద్దవాళ్లు చుట్ట కాలుస్తుంటే అరుగు మీదకి పంపండి. నెల తప్పగానే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించుకోండి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి, రెండుసార్లూ ఎన్ని వారాలకి పోయింది, స్కానింగ్‌లో గుండె చప్పుడు కనిపించిందా లేదా అన్నది ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ 17 శాతం రిపోర్టు కంటే ఆ కాగితమే మీ డాక్టర్‌కి ఎక్కువ పనికొస్తుంది.